డబ్బాల లేని చీటీ

రిటైర్మెంటు పైసలు బ్యాంకుల పడ్డ వారానికి
మా చెల్లె బిడ్డ వినీల
లాప్‌టాప్ తెరిచి నా ముంగట కూసున్నది.
"పెద్దమ్మా, ఆ నూలు మిల్లు షేరు కొంటనంటివి గదా,
కొనేముందు పదివేల సార్లు కొని చూద్దాం."

పదివేల సార్లా!
ఇరవై తొమ్మిదేండ్లు ఎనుమాముల యార్డుల
కాంటా కాడ తూకం చిట్టీలు రాసినదాన్ని,
ఒక్క బస్తాను రెండోసారి జోకుమంటేనే
ఖరీదుదారు కండ్లెర్రజేస్తుండె.

నా మొఖం చూసి
వంటింట్లకెళ్లి ఖాళీ బిస్కెట్ డబ్బా తెచ్చింది.
నోటుబుక్కు కాయితాలు చింపి,
ఎనిమిదేండ్లల్ల ఏ వారం ధర ఎంత ఎక్కిందో ఎంత దిగిందో
వారానికొక చీటీ రాసి మడిచింది.
నాలుగు వందల పదహారు.
కండ్లు మూసి తియ్యాలె, చదవాలె, మల్ల అండ్లనే వెయ్యాలె.
యాభై రెండు సార్లు తీస్తే
ఒక ఏడాది.

మొదటి ఏడాదిల నా లక్ష
లక్షా ఇరవై వేలయింది.
రెండో ఏడాది తొంభై.
మూడోదాంట్ల
ఒకటే పాడు వారం మూడు మాట్ల చేతికొచ్చింది.
"ఇదేం అన్యాలం" అన్న.
"మల్ల వేసినం గదా పెద్దమ్మా,
ఒకసారి వచ్చిపోయిన కష్టం
ఇగ రానని నీకు కాయితం రాసిచ్చిందా?"

స్టవ్ మీద చాయ పొంగేలోపల
ఆమె పెట్టె పదివేల ఏడాదులు బతికేసింది.
తెర మీద కుప్ప లేచింది:
నడుమ ఎత్తు, అంచులకు పల్చన,
అచ్చం యార్డుల పోసిన మిర్చి రాశి.
వినీల ఎడమ అంచున వేలు పెట్టింది.
"వంద ఏడాదులల్ల తొంభై అయిదింట
అరవై రెండు వేలకు పైననే ఉంటవు.
తతిమ్మా అయిదు ఇగో, ఇక్కడ.
అవి నీ పాలబడితే ఓర్చుకుంటవా?"

నాకు నవ్వొచ్చింది.
రాశి నెత్తి చూసి ధర కట్టినోన్ని నేనెన్నడు చూడలే.
మోచేతి దాక అడుగున దూర్చి
తాలుకాయ బయటికి గుంజినంకనే
టవల్ కింద వేళ్లు పట్టుకుంటరు.

అప్పుడు నేనడిగిన:
"బిడ్డా, చీటీలు కలగలిపినవు గని
ధర పడ్డదంటే ఒక్క వారం పడి ఊకుంటదా?
సీజన్ల ట్రాక్టర్ల లెక్క
ఒకదాని ఎనుక ఒకటి నిలబడయా పాడు దినాలు?"
ఆమె కొంచెంసేపు ఏమనలే.
కుట్టుమిషన్ డ్రాయర్ల దారముండ వెతికి
వరుస వారాలు నాలుగు నాలుగు కట్టలు కట్టింది.
పెట్టెకు గూడ అదే చెప్పింది.
అరవై రెండు పోయి యాభై నాలుగైంది.
అదే లక్ష, అవే చీటీలు,
ఉత్త దారం ఖరీదు ఎనిమిది వేలు.

చాయ చల్లారింది.
ఇంకోటి అడుగుడా మానుడా అనుకుంటనే అడిగిన:
"ఆజంజాహి మిల్లు అసుంటి మిల్లు చీటీ
ఏదన్న ఉన్నదా ఇండ్ల?"
మా నాయన ఆ సైరన్‌కే సద్దిగిన్నె కట్టుకునేటోడు.
అది మోగని పొద్దు గూడ
గిన్నె కట్టుకొని గడప మీద కూసున్నడు,
గోడ గడియారం తప్పు నడుస్తున్నదని.

"మూతబడ్డయి ఈ ఫైల్ల ఉండయి పెద్దమ్మా,
బతికున్నయే ఉంటయి."

మార్కెట్ కమిటీ పాత క్యాలెండర్ అట్ట
ఒక ముక్క చింపిన.
ఏమీ రాయకుండ మడిచి డబ్బాల వేసిన.
"దీనికి ఎంత ఎయ్యమంటవు?" అన్నది వినీల,
వేళ్లు మీటల మీదనే పెట్టి.
తెల్వదన్న.
అది ఎక్కనియ్యది పెట్టె.

ముప్పై వేలకు కొన్న. మిగిలినయి పోస్టాఫీసుల.

డబ్బా పోపులపెట్టె పక్కన ఉన్నది.
పొద్దుగూకంగ కరెంటు పోయినప్పుడు
ఒక ఏడాది తీసి చూసుకుంట.
ఖాళీ చీటీ ఇంతవరకు రాలే.
అట్టముక్క గదా,
మడత కొంచెం మందం.
కండ్లు మూసుకున్నా
వేళ్లు దాన్ని తాకి పక్కకు జరుగుతున్నయి.